లైక్ తరువాతి మాట

"స్లెప్ట్ లైక్ ఎ..." అని ఆగి, సాల్మన్ చెంచాను రాగిజావ గిన్నెలోనే ఉంచి భార్య పెదాల వైపు చూశాడు.

ఎలిజబెత్ మంచం మీద రెండు తలగడలకు ఆనుకుని కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్లో కదలకుండా పడి ఉంది. పెదాలు ఒక పక్కకే సాగాయి. గొంతులోంచి ముందు గాలి వచ్చింది, కాసేపటికి మాట వచ్చింది.

"లాగ్."

"గుడ్." ఒక చెంచా జావ తాగించాడు. గడ్డం మీద జారిన చుక్కను తువ్వాలు కొసతో తుడిచాడు. "వెంట్ అవుట్ లైక్ ఎ..."

"లైట్."

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం చర్చికి బయలుదేరుతూ గుమ్మంలో కూలబడిపోయింది ఎలిజబెత్. ముప్ఫై ఒక్క ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. పదిరోజుల తరువాత ఆసుపత్రి నుంచి కుడివైపు పడిపోయిన ఒంటితో, మాట లేకుండా ఇంటికొచ్చింది. చెప్పింది అర్థమవుతుంది. జవాబు మాత్రం రాదు. నీళ్లు కావాలన్నా కిటికీ మూయాలన్నా ఎడమచెయ్యే చూపించాలి. మాట నేర్పడానికి వారానికొకసారి వచ్చే అమ్మాయి సాల్మన్‌కు ఒక దారి చెప్పింది. "ఏళ్ల తరబడి నోట్లో నానిన మాటలు అంత తేలిగ్గా పోవండి. సగం మీరు అందించండి, మిగతా సగం ఆంటీ అందుకుంటారు. ఒక్కోసారి తప్పు మాటలు కూడా వస్తాయి. కంగారు పడకండి."

సాల్మన్ ముందు తెలుగు సామెతలు అందించి చూశాడు. రాలేదు. ప్రార్థనలో చివరి ఆమెన్ ఒక్కటే వచ్చింది. ఒకరోజు ఏమీ తోచక, ముప్ఫై ఏళ్ల కిందట తను నేర్పిన ఇంగ్లిషు పోలిక ఒకటి సగం అందించాడు. ఎలిజబెత్ మిగతా సగం అందుకుంది. ఆ రోజు ఆయన వంటింట్లోకి వెళ్లి గ్యాసు పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాడు. అప్పటినుంచి రోజూ జావతోపాటు మూడు పోలికలు.

ఆ పోలికల వల్లే వాళ్లకు పెళ్లయింది. అప్పుడు సాల్మన్ తెనాలి దగ్గరి పల్లెనుంచి ఎం.ఏ. ఇంగ్లిషు పట్టాతో వచ్చి, అమీర్‌పేటలో రేకుల కప్పు కింద స్పోకెన్ ఇంగ్లిషు చెప్పేవాడు. ఎలిజబెత్ మెదక్ వైపు అమ్మాయి, స్టాఫ్ నర్సు. మస్కట్‌లో ఆసుపత్రి ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని క్లాసులో చేరింది. వ్యాకరణం అంతా వచ్చింది కానీ క్రియల వెనకాల వచ్చే చిన్నమాటలు ఆమెను ఏడిపించాయి. పుట్ ఆన్, పుట్ ఆఫ్, పుట్ అవుట్. "పుట్ ఒక్కటే గద సార్, ఎనక మాట మారితె అర్థమెట్ల మారుతది? నాకు యాదికుంటలేదు" అని ఒక సాయంత్రం నోట్‌బుక్ మూసేసింది. రాత్రంతా ఆలోచించి మర్నాడు సాల్మన్ ఒక ఉపాయంతో వచ్చాడు. చిన్నమాట జారిపోకుండా దాని వెనకాల ఒక పోలిక కట్టాడు. దీపంలా ఆరిపోవడం, వెంట్ అవుట్ లైక్ ఎ లైట్. పసిపిల్లలా కుప్పకూలి ఏడవడం, బ్రోక్ డౌన్ లైక్ ఎ చైల్డ్. జలగలా పట్టుకుని వదలకపోవడం, హోల్డ్ ఆన్ లైక్ ఎ లీచ్. నెలలో నలభై అట్లాంటివి ఆమెకు కంఠతా వచ్చాయి. ఇంటర్వ్యూలో నెగ్గింది. వీసా కూడా వచ్చింది. కానీ వెళ్లలేదు. ఎందుకని అడిగితే బస్సు కోసం చూస్తున్నట్టు రోడ్డు వైపు తిరిగి, "ఆడికి పోతె ఈ ఇంగ్లిషు ఎవరితోని మాట్లాడాలె?" అంది.

పిల్లలు కలగలేదు. ఇద్దరూ ఆ లోటు గురించి ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇప్పుడు గిన్నెలో జావ అడుగుకు వచ్చింది. గోడ గడియారంలో ఏడున్నర. బోరబండ స్టేషన్‌కు పది నిమిషాల నడక.

"ఇదొక్కటీ. హోల్డ్ ఆన్ లైక్ ఎ..."

ఎలిజబెత్ ఆయన ముఖం వైపు చూసింది. చాలాసేపు చూసింది. పెదాలు రెండుసార్లు కలిసి విడిపోయాయి. ఎడమచేత్తో దుప్పటి అంచు పట్టుకుని, బరువు ఎత్తుతున్న మనిషిలా మెడ ముందుకు చాపి అంది.

"సాల్... మన్."

సాల్మన్ ఉలిక్కిపడ్డాడు. ముప్ఫై ఏళ్లలో ఆమె ఆయన్ని పేరుపెట్టి పిలవలేదు. ఇంట్లో, బజారులో, చర్చిలో ఎక్కడైనా "ఇగో, ఇంటున్నరా" అనేది. తప్పు మాటలు వస్తాయన్న హెచ్చరిక గుర్తొచ్చింది.

"కాదు లిజ్జీ. లీచ్. జలగ. ఏదీ, లీచ్ అను."

ఆమె నోరు మూసుకుంది.

"లీచ్. లీ... చ్."

ఎలిజబెత్ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. మిగిలిన రెండు చెంచాల జావ తాగలేదు.

కింది వాటాలో ఉండే రేఖ పిల్లల్ని బడికి పంపి, కొంగుకు గుచ్చిన సూది తీస్తూ పైకొచ్చింది. ఆమె జాకెట్లు కుట్టేది. ఆగస్టునుంచి పగలంతా కుట్టుపని పైకి తెచ్చుకుని ఎలిజబెత్ దగ్గర కూర్చుంటోంది.

"పోండ్రి సార్, బండి పోతది. నేను సూసుకుంట."

"ఈ పూట సరిగ్గా తాగలేదమ్మా. పదింటికి ఇంకోసారి ఇచ్చి చూడు."

"సరె సార్. ఫికర్ చెయ్యకుండ్రి."

సాల్మన్ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాడు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. ఇస్త్రీ చేసిన పొట్టిచేతుల చొక్కా, ఈ మధ్యనే మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్న బెల్టు. ఎలిజబెత్ నెలకొకసారి పాత బ్రష్షుతో ఆయన జుట్టుకు రంగు వేసేది. ఆగస్టు తరువాత వెయ్యలేదు. ఇప్పుడు చెవుల పైన అరచేతి వెడల్పున తెల్లగా, కొసల్లో ఎర్రగా ఉంది. క్లాసులో పిల్లలు దాన్ని చూసి నవ్వుకుంటారని ఆయనకు తెలుసు.

ఒక్క స్టేషనే ప్రయాణం. హైటెక్ సిటీలో దిగి, షేర్ ఆటోలో రాయదుర్గం వైపు వెళ్లి, అద్దాల భవనం ఆరో అంతస్తు చేరాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ కాల్ సెంటర్‌లో ఆయన కాంట్రాక్టు ట్రైనర్. మెడలో వేసుకునే గుర్తింపు కార్డుకు కంపెనీ ఉద్యోగులకు నీలం తాడు, కాంట్రాక్టు వాళ్లకు పసుపు తాడు. ఆయన దగ్గర మాట నేర్చుకుని నీలం తాళ్లు వేసుకున్నవాళ్లు ఆ భవనంలో ఎంతమంది ఉన్నారో ఆయనకే తెలియదు. లిఫ్టులో "గుడ్ మార్నింగ్ సర్" అంటారు. పేర్లు గుర్తుండవు, ఎవరు ఏ మాట దగ్గర తడబడేవారో గుర్తుంటుంది.

కస్టమర్ల కార్డు వివరాలు వినబడే అంతస్తు కాబట్టి లోపలికి ఫోన్లు తీసుకుపోకూడదు. సాల్మన్ ఫోను లాకరులో పెట్టి తాళం వేసుకున్నాడు. అవసరమైతే చెయ్యడానికి ఆఫీసు నంబరు రేఖకు కాగితం మీద పెద్ద అంకెలతో రాసిచ్చి, గోడకు అంటించి వచ్చాడు.

ఇరవై ఇద్దరు పిల్లలు. మూడో వారం, ఫ్రేజల్ వెర్బులు. సాల్మన్ బోర్డు మీద నాలుగు క్రియలు రాసి, చిన్నమాటల్ని ఎర్రరంగుతో రాశాడు.

"క్రియ మీకు గుర్తుంటుంది. ఈ ఎర్రది జారిపోతుంది. జారకుండా వెనకాల ఒక పోలిక కట్టండి. ఎవరు మొదలుపెడతారు? హోల్డ్ ఆన్."

సిద్దిపేట నుంచి వచ్చిన మధుకర్ చెయ్యెత్తాడు. "సార్, ఉడుముపట్టు అంటం గద. హోల్డ్ ఆన్ లైక్ ఉడుము. ఉడుముకు ఇంగ్లిషుల ఏమంటరు?"

"మానిటర్ లిజర్డ్."

"అమ్మో. గంత పెద్దగుంటదా?"

గదంతా నవ్వింది. సాల్మన్ కూడా నవ్వాడు. ఇంకెవరని చూస్తే కిటికీ పక్కన కూర్చున్న ప్రశాంతి లేచింది. సన్నటి పిల్ల. ప్రగతి నగర్‌లో ఒక హాస్టల్లో వాళ్లమ్మ వంట చేస్తుంది.

"హోల్డ్ ఆన్ లైక్ మై మదర్."

"అట్లా కుదరదమ్మా" అన్నాడు సాల్మన్. పద్దెనిమిదేళ్లుగా అంటున్న మాటే. "పోలిక అంటే వినేవాళ్లకి తెలిసిన వస్తువు అయి ఉండాలి. జలగ అందరికీ తెలుసు. మీ అమ్మగారు వాళ్లకి తెలీదు కదా?"

ప్రశాంతి కూర్చోలేదు. "నేను చిన్నగున్నప్పుడు మియాపూర్ కాడ బస్సు ఎక్కుతుంటే బస్సు కదిలింది సార్. అమ్మ లోపలుంది, నేను మెట్టు మీదున్న. నా మణికట్టు పట్టుకుంది. అందరు అరుస్తుండ్రు. బస్సు ఆగేదాక ఇడువలే. వారం రోజులు చెయ్యి కమిలిపోయుండె." ఆమె తన ఎడమ మణికట్టు వైపు ఒకసారి చూసుకుంది. "పట్టుకునుడు అంటె నాకు తెలిసింది గదే సార్. జలగను నేను సూడలే."

సాల్మన్ బోర్డు వైపు తిరిగాడు. మార్కరు మూత చేతిలో ఉంది. దాన్ని మార్కరుకు పెట్టబోతే రెండుసార్లు తప్పింది.

పొద్దున్న ఎలిజబెత్ తడబడలేదు. మాట కోసం వెతుక్కుంది. మెడ ముందుకు చాపి, దుప్పటి అంచు పట్టుకుని, ఏడు నెలల్లో మొదటిసారి ఎవరూ అందించని మాట ఒకటి తనంతట తాను తెచ్చుకుంది. ఆయన పట్టుకుని వదలని సంగతి చెప్పింది. రోజూ స్నానం చేయించే చేతుల సంగతి, జావ తాగించే చేతుల సంగతి చెప్పింది. ముప్ఫై ఏళ్లు దాచుకున్న పేరుతో చెప్పింది. ఆయన కాదన్నాడు. జలగ అనమన్నాడు.

"సార్?" అన్నాడు మధుకర్.

"ప్రశాంతి చెప్పింది కరెక్టు" అన్నాడు సాల్మన్. "నేను చెప్పిందే తప్పు. కూర్చోమ్మా."

లంచ్ టైమ్ అవగానే లాకరు దగ్గరకు వెళ్లి రేఖకు ఫోన్ చేయాలనుకున్నాడు. ఫోను ఎలిజబెత్ చెవి దగ్గర పెట్టమని చెప్పాలి. కానీ క్లాసు తలుపు దగ్గరే చైతన్య నిలబడి ఉన్నాడు. క్వాలిటీ విభాగానికి పెద్ద. పన్నెండేళ్ల కిందట ఇదే గదిలో సాల్మన్ దగ్గర నేర్చుకున్నవాడు.

"సర్, ఒక్క పది నిమిషాలు."

పది నిమిషాలు ముప్పావు గంటైంది. చైతన్య తెరమీద పట్టికలు చూపించాడు. కాల్స్ వినడానికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. కుర్రాళ్లు కస్టమర్‌తో పోలికలు వాడితే అది వాటిని అస్పష్టం అని గుర్తు పెడుతోంది.

"సోమవారం నుంచి ఈ మాడ్యూల్ తీసేస్తున్నారు సర్. మీరు లిజనింగ్ టెస్టులు చూసుకోవచ్చు. నేను చెప్పి చూశాను." చైతన్య ఆయన వైపు చూడలేక పెన్ను తిప్పాడు. "బ్రోక్ డౌన్ లైక్ ఎ చైల్డ్. ఇప్పటికీ బ్రోక్ డౌన్ అని ఎక్కడ రాసినా మీరే గుర్తొస్తారు సర్."

ఇంకో రోజైతే సాల్మన్ వాదించేవాడు. పద్దెనిమిదేళ్ల పని అది. ఆయన చూపు చైతన్య వెనక ఉన్న గోడ గడియారం మీద ఉంది.

"సరే చైతన్యా. అట్లాగే కానీండి."

"మీకు బాధగా లేదా సర్?"

"ఉందిలే. ముందు నేను ఇంటికి ఫోన్ చెయ్యాలి."

లాకరు తెరిచేసరికి ఒంటిగంట యాభై. రేఖ నుంచి ఫోనేమీ రాలేదు. అంటే అంతా బాగానే ఉందన్నమాట. నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాడు. ఒకసారి ఇట్లాగే ఫోన్లో మాట్లాడితే, గొంతు వినిపించి మనిషి కనబడక ఎలిజబెత్ బెంగపడి ఏడ్చిందని రేఖ చెప్పింది. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. సాయంత్రం మంచం పక్కన కూర్చుని, మళ్లీ అదే సగం అందించి, ఆమెకు ఎంతసేపు పడితే అంతసేపు ఆగాలి. తొందరేమీ లేదు. ఫోను లోపల పెట్టి తాళం వేశాడు.

మధ్యాహ్నం క్లాసు ఎన్నడూ లేనంత బాగా జరిగింది. ఎవరి ఇంట్లోంచి, ఎవరి వీధిలోంచి వాళ్లు పోలిక తెచ్చుకోవాలన్నాడు. ఒకడు తన ప్రేమ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్‌లా ఫెల్ అపార్ట్ అయిందన్నాడు. ఒకమ్మాయి ఎత్తులో కొండాపూర్ అద్దెల్లా షాట్ అప్ అయిన తమ్ముడి గురించి చెప్పింది. సాల్మన్ కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. మీసం మీద చేయి వేసుకుని, "ఇదే, ఇదే" అంటూ ప్రతి వాక్యం బోర్డు మీద రాశాడు. చోటు చాలక అంచుల్లో కూడా రాశాడు. తుడిచెయ్యమని ఎవరూ అడగలేదు.

నాలుగున్నరకు లాకరు తెరిచాడు.

పద్నాలుగు మిస్డ్ కాల్స్. అన్నీ రేఖవే. మొదటిది రెండూ ముప్ఫై అయిదుకు.

తిరిగి చేస్తే రేఖ భర్త రాజేందర్ ఎత్తాడు. ఆటో నడిపే మనిషి, ఆ వేళప్పుడు ఇంట్లో ఉండడు.

"సార్, మీరు ఇంటికి రండ్రి."

"ఎలిజబెత్‌కి ఎట్లా ఉంది?"

"రండ్రి సార్. నేను స్టేషన్ కాడికి వస్త."

సాల్మన్ సంచీ లాకరు ముందు బల్లమీదే మరిచిపోయి లిఫ్టు వైపు నడిచాడు. పసుపు తాడు మెడలోనే ఉంది. బండిలో సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గర నిలబడ్డాడు. బోరబండలో దిగాక రాజేందర్ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాడు.

మెట్ల కింద చెప్పులు చాలా ఉన్నాయి. పైన గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఎలిజబెత్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. తలగడలు తీసేశారు. దవడ కింద నుంచి తెల్లగుడ్డ కట్టారు. ముఖం రెండువైపులా ఇప్పుడు ఒక్కలాగే ఉంది. వంకర లేదు.

సాల్మన్ మంచం పక్కన నేలమీద కూర్చుని ఆమె ఎడమచెయ్యి తీసుకున్నాడు. చల్లగా ఉంది.

రేఖ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"అన్నం తిన్నంక జడ ఏస్తున్న సార్. మంచిగనే కూసుంది. పాత రబ్బరు బ్యాండు తెగింది. నా జడది తీసి పెడదామని అట్ల తల వంచిన. మళ్ల సూసేసరికి ఆంటి నా మీదికి ఒరిగింది. పిలిచిన, పలకలే. గల్లీల డాక్టర్‌ను తోలుకొచ్చిండ్రు. పానం పోయిందన్నడు. ఒక్క నిమిషం గూడ పట్టలేదంట సార్."

"నొప్పి పడిందా?"

"లే సార్. ఏం తెలువలే ఆమెకు." రేఖ గోడకు అంటించిన కాగితం వైపు చూసింది. "మీరిచ్చిన నంబరుకు గూడ చేసిన. ఎవ్వరో ఆడామె ఇంగ్లిషుల మాట్లాడుడు, ఏదో నొక్కుమనుడు. ఒకటి నొక్కిన, రెండు నొక్కిన, తొమ్మిది దాక నొక్కిన. మళ్ల మొదటికే వస్తది. నాకు ఇంగ్లిషు రాకపాయె."

"నీ తప్పేం లేదమ్మా" అన్నాడు సాల్మన్. "అది మనిషి కాదు, రికార్డు."

కింద ఎవరో చర్చికి ఫోన్ చేస్తున్నారు.

"పొద్దున నేను పోయాక ఏమన్నా అందా?"

"ఏమనలే సార్. ఒక్క మాట గూడ మాట్లాడలే. పదింటికి జావ ఇస్తె తాగింది. కిటికీల కెల్లి తోవ సూసుకుంట కూసుంది."

సాల్మన్ తల ఆమె చేతిమీద పెట్టాడు. పసుపు తాడుకున్న కార్డు కిందికి వేలాడి మంచం కోడుకు తగిలి చిన్న చప్పుడు చేసింది. ఆయన భుజాలు కదిలాయి. రాజేందర్ వచ్చి వెనకాల నిలబడి, ఏం చెయ్యాలో తెలియక ఫ్యాను వేగం తగ్గించాడు.

"లిజ్జీ" అన్నాడు సాల్మన్. ఇంగ్లిషులో ఏదో మొదలుపెట్టి సగంలో ఆగాడు. అలాగే ఆగి, ఆమె పెదాల వైపు చూస్తూ చాలాసేపు ఎదురుచూశాడు. చివరికి రేఖే వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

చీకటి పడే ముందు చర్చి నుంచి ముగ్గురు ఆడవాళ్లు తెల్లచీర తీసుకుని వచ్చారు. మగవాళ్లను బయటికి వెళ్లమన్నారు. సాల్మన్ లేచి గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగి చూశాడు. ఎలిజబెత్ జుట్టు కుడివైపు నున్నగా దువ్వి ఉంది. ఎడమవైపు మూడు పాయలుగా సగం అల్లి, మిగతాది విడిపోయి మంచం అంచు కిందికి వేలాడుతోంది. పక్కనే కిటికీ గట్టు మీద దువ్వెన ఉంది. దాని పళ్లలో రెండు మూడు తెల్లవెంట్రుకలు, పిడికి ఆనించి రేఖ తన జడలోంచి తీసి పెట్టిన నల్లటి రబ్బరు బ్యాండు.